ఫీవర్ కేసు అని కాల్ వస్తే: పేషెంట్‌ని ఎలా చూడాలి, మీకు అంటకుండా ఎలా చూసుకోవాలి

కాల్ షీట్ మీద "ఫీవర్" అని ఒక్క ముక్క ఉంటుంది. తీరా వెళ్ళాక అది డెంగ్యూ కావచ్చు, టీబీ కావచ్చు, షుగర్ పడిపోయిన పెద్దాయన కావచ్చు, మే నెలలో అయితే వడదెబ్బ కూడా కావచ్చు. విశాఖలో అంబులెన్స్ డ్యూటీలో కొత్తగా చేరినవాళ్ళు, పారామెడికల్ చదువుతున్న పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేవి రెండే: "ముందు ఏం చూడాలి?", "మాకు అంటుకుంటే?" పని దగ్గర ఈ రెండూ విడివిడిగా రావు కాబట్టి కలిపే రాస్తున్నాను.

జబ్బు పేరు కనిపెట్టడం మీ పని కాదు. అది క్యాజువాలిటీలోనో ల్యాబ్‌లోనో తేలుతుంది. మీరు తేల్చాల్సినవి మూడు: పేషెంట్ ఇప్పుడు ప్రమాదంలో ఉన్నాడా, ఇది పక్కవాళ్ళకి అంటే రకమా, ఎక్కడికి ఎంత తొందరగా తీసుకెళ్ళాలి. మందులు, సెలైన్ విషయంలో మీ సర్వీసు ప్రోటోకాల్, ఫోన్‌లో ఉండే డాక్టర్ చెప్పిందే ఫైనల్.

బ్యాగులో ఉండాల్సినవి

- గ్లవ్స్, కళ్ళకి షీల్డు, మీ ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కులు. గడ్డం ఉంటే ఎన్95 సరిగా అతుక్కోదు. పేషెంట్‌కి, తోడు వచ్చేవాళ్ళకి మామూలు సర్జికల్ మాస్కులు.
- సెకన్ల ముల్లు ఉన్న చేతివాచీ. ఫోన్‌లో టైమ్ చూడొద్దు. గ్లవ్స్‌తో పట్టుకున్న ఆ ఫోనే కాసేపటికి మీ చెంపకి ఆనుతుంది.
- బీపీ మిషన్ (చేతికి చుట్టే పట్టీలు, అంటే కఫ్‌లు: పెద్దవాళ్ళ కఫ్, లావు చేతికి పెద్ద కఫ్, పిల్లల కఫ్), స్టెత్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, టార్చి.
- గ్లూకోమీటర్. స్ట్రిప్స్ గడువు తేదీ డ్యూటీ ఎక్కగానే చూడండి. డబ్బా మూత తీసి వదిలేస్తే మన సముద్రపు తేమకి స్ట్రిప్స్ పాడవుతాయి.
- ఆక్సిజన్, సక్షన్ (నోట్లో, గొంతులో కఫం, వాంతి లాగేసే మిషన్), ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, వాంతి కవర్లు.
- శానిటైజర్, సబ్బు, నీళ్ళు, హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం, పసుపు, ఎరుపు కవర్లు, సూదులు వేసే గట్టి డబ్బా.
- అట్టకి క్లిప్ పెట్టిన కాగితం. గ్లవ్ మీద రీడింగులు రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. గ్లవ్ ఎర్ర కవర్లోకి పోయాక ఆ అంకెలు ఎవరికి గుర్తుంటాయి?

బ్యాగులో పట్టనిది ఇంకొకటి: హెపటైటిస్-బి టీకా. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మూడోది అయిన నెల, రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే పనిచేసిందో లేదో తెలుస్తుంది. 10 యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టే.

1. బండి దిగకముందే

దారిలోనే ఫోన్ చేసిన మనిషిని అడగండి: దగ్గు, ఆయాసం ఉన్నాయా? ఒంటి మీద దద్దుర్లు? వాంతులు, విరేచనాలు? మాట్లాడుతున్నారా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? దగ్గుతో జ్వరం, లేదా దద్దుర్లతో జ్వరం అన్నారంటే గుమ్మం ముందుకి వెళ్ళి కాదు, బండిలోనే ఎన్95 పెట్టుకోండి. మాస్క్ పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ పెట్టి గట్టిగా ఊదండి. అంచుల్లోంచి గాలి తగిలితే మళ్ళీ సర్దుకోండి.

ఒకేసారి చాలామంది పడిపోయారంటే అంటువ్యాధి అని వెంటనే అనుకోకండి. పెళ్ళి భోజనం తిన్న పదిమందికి వాంతులంటే ఒక లెక్క. వీధి మొత్తానికీ కళ్ళ మంట, తల తిరగడం అంటే ఇంకో లెక్క. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైనప్పుడు జనం రోడ్ల మీదే కూలిపోయారు. అలాంటిచోట ఎన్95 పనికిరాదు. గాలి మీ వైపు నుంచి లీకు వైపు వీచేలా చూసుకుని, దూరంగా ఆగి, కంట్రోల్ రూమ్‌కి చెప్పి, ఫైర్‌వాళ్ళు వచ్చేదాకా లోపలికి వెళ్ళకండి.

2. గుమ్మంలో నిలబడి పది సెకన్లు

చెయ్యి వేయకముందు రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. కూర్చుని ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఊపిరి తీస్తున్నాడా? పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడా, రెండు మాటలకే ఆగుతున్నాడా? పెదాలు నల్లబడ్డాయా? అటూ ఇటూ దొర్లుతూ చిరాకు పడుతున్నాడా, పిలిస్తే పలకడం లేదా? వీటిలో ఒక్కటి ఉన్నా ఇది "సీరియస్" కేసు. ప్రశ్నల జాబితా పక్కన పెట్టి మూడో మెట్టుకి వెళ్ళండి.

దగ్గుతున్న మనిషికి మాస్క్ ఇవ్వడంలో మాట ముఖ్యం. "మాస్క్ పెట్టుకో" అంటే ఇంట్లోవాళ్ళకి అవమానంగా అనిపిస్తుంది. "పెద్దమ్మా, దగ్గొస్తోంది కదా, ఇది కట్టుకోండి. ఇంట్లో పిల్లలున్నారు, వాళ్ళకి మంచిది" అంటే కాదనేవాళ్ళు తక్కువ. ఆయాసపడేవాళ్ళకి, వాంతి అవుతున్నవాళ్ళకి, స్పృహ తప్పినవాళ్ళకి, రెండేళ్ళలోపు పిల్లలకి మాస్క్ పెట్టకండి. ఆక్సిజన్ కావాల్సినవాళ్ళకి ముక్కులో ప్రాంగ్స్ (ఆక్సిజన్ ఇచ్చే సన్న గొట్టాలు) పెట్టి, ఓర్చుకోగలిగితే దాని మీద సర్జికల్ మాస్క్ వేయవచ్చు.

3. ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ

పిలవండి. పలికితే గొంతు దారి తెరిచే ఉంది. పలకకపోతే భుజం తట్టండి, దానికీ కదలకపోతే దారి తెరిచి, ఊపిరి, నాడి చూడండి. ఊపిరి లేకపోతే మీకు నేర్పిన సీపీఆర్ పద్ధతి మొదలుపెట్టండి.

ఇక శ్వాస లెక్క. ఏ రిపోర్టు షీట్ తిరగేసినా శ్వాస దగ్గర 18 గానీ 20 గానీ ఉంటుంది. ఇంతమందికి ఒకే లెక్క ఎలా వచ్చింది? లెక్కపెట్టకుండా రాశారు కాబట్టి. బీపీ తగ్గకముందే, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడకముందే, ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతోందని చెప్పేది శ్వాసే. లెక్కపెట్టడానికి వాచీ చాలు, కానీ పద్ధతి ఉంది. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ, కళ్ళు మాత్రం ఛాతీ మీదో పొట్ట మీదో పెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ దాన్ని మార్చేస్తాడు. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. చిన్నపిల్లలకి, ఊపిరి ఆగి ఆగి తీసేవాళ్ళకి నిమిషం మొత్తం లెక్కపెట్టాలి.

పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. 22 వస్తే జాగ్రత్తపడాలి. 30 దాటితే ఆలస్యం చేయకూడదు. పిల్లలకి వయసుని బట్టి: రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50, ఒకటి నుంచి ఐదేళ్ళ మధ్య 40. ఇవి గానీ, వీటికంటే ఎక్కువ గానీ ఉంటే వేగమైన శ్వాసే. ఏడుస్తున్న పిల్లాడికి లెక్కపెట్టి రాయకండి, తల్లి ఎత్తుకుని ఊరుకోబెట్టాక లెక్కపెట్టండి.

లోతుగా, వేగంగా ఊపిరి తీస్తూ సాచురేషన్ మాత్రం 98 ఉంటే "టెన్షన్ పడుతున్నాడులే" అని కొట్టిపారేయకండి. షుగర్ బాగా పెరిగి రక్తంలో ఆమ్లం చేరినా, సెప్సిస్‌లోనూ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) ఇలాగే ఉంటుంది. టెన్షన్ అని మీరు తేల్చకూడదు.

తర్వాత నాడి, చర్మం. వేలి గోరు నొక్కి వదిలితే రెండు, మూడు సెకన్లలో రంగు రావాలి. కాళ్ళూ చేతులూ చల్లగా, జిగటగా ఉన్నాయా? బీపీ మాత్రలు వేసుకునే కొందరికి (పేరు చివర "లోల్" వచ్చేవి) నాడి వేగం పెరగదు. వాళ్ళకి పల్స్ 80 ఉంది కదా అని ధీమా పడొద్దు.

4. అంకెలు

సాచురేషన్: 94కి పైన ఉండాలి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి 88 నుంచి 92 మధ్య చాలు, అంతకంటే పైకి ఆక్సిజన్ తోసేయకండి. నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు, చల్లటి వేళ్ళు, నేరుగా పడే ఎండ తప్పు రీడింగ్ ఇస్తాయి. ఆక్సీమీటర్ చూపే పల్సూ, మీరు చేత్తో చూసిన పల్సూ ఒకటి కాకపోతే ఆ సాచురేషన్ నమ్మకండి. వేలు మార్చండి.

జ్వరం: 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన. నుదుటి దగ్గర పెట్టే గన్ థర్మామీటర్లకి చెమటంటే పడదు, విశాఖలో చెమట పట్టని నుదురు దొరకడం కష్టం. తుడిచి, రెండు నిమిషాలు ఆగి చూడండి, అనుమానమైతే చంకలో మామూలు థర్మామీటర్ పెట్టండి. జ్వరం లేదంటే ఇన్ఫెక్షన్ లేదని కాదు. ముసలివాళ్ళకి, స్టెరాయిడ్స్ వాడేవాళ్ళకి సెప్సిస్‌లో ఒళ్ళు చల్లగా కూడా ఉండొచ్చు. వచ్చే ముందే పారాసెటమాల్ వేసుకున్నారేమో అడగండి.

104 దాటి, మాట తడబడుతూ, మధ్యాహ్నం ఎండలో పనిచేసి వచ్చాడంటే వడదెబ్బ అనుకుని చల్లబరచడం మొదలుపెట్టండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని అనుకోకండి, మన ఉక్కపోతలో చెమటతో కూడా వస్తుంది.

షుగర్: మాట తేడాగా ఉన్న ప్రతి పేషెంట్‌కీ. మినహాయింపు లేదు. 70 కంటే తక్కువ ఉంటే, మింగగలిగితే తీపి ఇవ్వండి, లేకపోతే ప్రోటోకాల్ ప్రకారం. మలేరియాలో కూడా షుగర్ పడిపోతుంది.

శ్వాస 22 లేదా పైన, పై బీపీ 100 లేదా కింద, స్పృహలో మార్పు. ఇన్ఫెక్షన్ అనుమానమున్న పెద్దవాళ్ళలో ఈ మూడింటిలో రెండు కనిపిస్తే సెప్సిస్ అని ఆసుపత్రికి ముందే చెప్పండి. ఒక్కటే ఉన్నా, ఏమీ లేకపోయినా సెప్సిస్ లేదని అర్థం కాదు.

5. అడగాల్సినవి

జ్వరం ఎన్నో రోజు అని అడిగితే "నాలుగైదు రోజులు" అంటారు. అది చాలదు. "ఆదివారం సంతకి వెళ్ళారా? అప్పటికి ఉందా?" అని రోజు పట్టుకుని లెక్కగట్టండి. డెంగ్యూలో ఆ రోజు లెక్కే ప్రాణం.

తర్వాత: మందుల్లో దేనికైనా పడదా? ఏం వాడుతున్నారు? "బీపీ గోలీ" అంటే చాలదు, కవరు తెప్పించి చూడండి. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించారా, ఎప్పుడు? పాత జబ్బులు, ఆడవాళ్ళయితే గర్భం? చివరిసారి ఎప్పుడు తిన్నారు? ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళారు?

ఊళ్ళ ప్రశ్న మర్చిపోకండి. "గత నెలలో ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" పాడేరు, చింతపల్లి, అరకు వైపు, ఒడిశాలో కోరాపుట్, మల్కనగిరి వైపు వెళ్ళొచ్చి జ్వరమొస్తే మలేరియా అని చెప్పి మరీ అప్పగించండి. పోర్టు, స్టీల్‌ప్లాంట్ వైపు ఒకే గదిలో ఉండే వలస కూలీలని గదిలో ఇంకెవరికి దగ్గుందో అడగండి. తెలుగు రాకపోతే గదిలో తెలిసినవాళ్ళని మధ్యలో పెట్టుకోండి, కానీ టీబీ, హెచ్‌ఐవీ సంగతులు వాళ్ళ ద్వారా అడగొద్దు.

6. అనుమానం ఎటు?

*డెంగ్యూ.* మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునేది అప్పుడే, అసలు ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, చిరాకు ఉంటే వదలకండి. బీపీలో పై అంకె ఒక్కటే చూడటం ఇక్కడ పెద్ద పొరపాటు. 100/82 అంటే పైది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ రెండింటి మధ్య తేడా 18 మాత్రమే. ఆ తేడా 20 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే షాక్‌లోకి (అవయవాలకి రక్తం చాలని స్థితి) వెళ్తున్నట్టే. నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆసుపత్రిలో చెప్పండి.

*స్క్రబ్ టైఫస్.* పొలం, తుప్పలు, కొండ దారి తిరిగినవాళ్ళకి వారం దాటిన జ్వరం, తలనొప్పి. చంక, గజ్జ, రొమ్ము కింద, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడాలి. నొప్పి ఉండదు కాబట్టి పేషెంట్ చెప్పడు. ఆడవాళ్ళయితే తోడున్న ఆడమనిషిని చూడమనండి. కనిపించకపోతే లేదని కాదు.

*మెదడువాపు, మెనింజైటిస్.* జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం. మెడని మీరు బలవంతంగా వంచకండి. పసిపిల్లలకి మెడ బిగుసుకోకపోవచ్చు, మాడు ఉబ్బిందా చూడండి. నొక్కినా పోని ఎర్రటి, ఊదా మచ్చలుంటే ఒక్క నిమిషం వృథా చేయొద్దు. నలుపు ఒంటి మీద ఆ మచ్చలు కనపడవు కాబట్టి అరచేతులు, అరికాళ్ళు, కంటి కింది రెప్ప లోపల వెతకండి.

*టీబీ.* రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం. మీకు ఎన్95, పేషెంట్‌కి సర్జికల్. ఎన్95 పేషెంట్‌కిచ్చి సర్జికల్ మీరు పెట్టుకునే అలవాటు ఆపండి. ఎన్95 వడకట్టేది పీల్చేవాడి గాలిని.

*విరేచనాలు.* నోరు ఎండిపోయిందా, కళ్ళు లోపలికి పోయాయా, పొట్ట చర్మం పట్టి వదిలితే ఆలస్యంగా వెనక్కి వెళ్తోందా? తాగగలిగితే ఓఆర్‌ఎస్, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపి ఇవ్వడం ప్రమాదం. విరేచనాల కేసుల్లో శానిటైజర్ మీద ఆధారపడకుండా సబ్బుతో కడగండి.

వరద నీళ్ళలో తిరిగాక జ్వరం, ఎర్ర కళ్ళు, పిక్కల నొప్పి ఉంటే లెప్టోస్పైరోసిస్ కూడా మనసులో పెట్టుకోండి.

7. బండిలో

ఏసీ ఉంటే లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. డ్రైవర్ క్యాబిన్‌కి మధ్య కిటికీ మూసేయండి. తోడు ఒక్కరే, వాళ్ళకీ మాస్క్. టీబీ అనుమానమున్నప్పుడు మూసిన బండిలో నెబ్యులైజర్ (మందుని పొగమంచులా చేసి పీల్పించే మిషన్) పెట్టకండి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే డబ్బా లాంటి గొట్టం) ఇన్‌హేలర్ వాడండి, తప్పకపోతే బయల్దేరకముందు తలుపులు తెరిచి పెట్టండి.

ఎక్కడికి? సీరియస్ అయితే కేజీహెచ్‌గానీ, హనుమంతవాక దగ్గర విమ్స్‌గానీ, మీ కంట్రోల్ రూమ్ చెప్పిన దగ్గరి పెద్దాసుపత్రిగానీ. నిలకడగా ఉన్న టీబీ అనుమానాలకి వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి సరిపోతుంది, కానీ సాచురేషన్ 85 ఉన్న టీబీ పేషెంట్‌ని నేరుగా అక్కడికి పట్టుకెళ్ళేముందు అడగండి. ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక బెడ్ వెతకడం కంటే బయల్దేరేటప్పుడే ఫోన్ చేయడం నయం. ఫోన్‌లో కథ వద్దు, ఇలా చెప్పండి:

"మగ, 45. గాజువాక. ఐదు రోజుల జ్వరం, ఈరోజు తగ్గింది. నాలుగు వాంతులు, కడుపునొప్పి. స్పృహలో ఉన్నాడు, చిరాగ్గా ఉన్నాడు. శ్వాస 26, పల్స్ 118, బీపీ 100/82, సాచురేషన్ 97, షుగర్ 110. డెంగ్యూ షాక్ అనుమానం. దగ్గు లేదు. అరగంటలో వస్తాం."

మీరు చేసింది సరిగా ఉందా?

సీరియస్ అయితే ప్రతి ఐదు నిమిషాలకీ, నిలకడగా ఉంటే పదిహేను నిమిషాలకీ అన్నీ మళ్ళీ కొలవండి. రెండోసారి శ్వాస, పల్స్, బీపీ మొదటివాటితో అచ్చంగా ఒకటే వచ్చాయంటే, పేషెంట్ నిలకడగా ఉండటం కంటే మీరు కాపీ చేయడానికే ఎక్కువ అవకాశం. ఆక్సిజన్ పెట్టాక శ్వాస తగ్గిందా? మగత పెరిగి శ్వాస తగ్గితే అది బాగుపడటం కాదు, అలసిపోవడం. క్యాజువాలిటీలో నర్సు తీసిన మొదటి రీడింగులు మీ చివరి రీడింగులతో పోల్చుకోండి. తేడా ఎక్కువగా ఉంటే కఫ్ సైజు, బ్యాటరీ, మీ పద్ధతి, ఈ వరసలో వెతకండి. వీలైతే మర్నాడు అడిగి డయాగ్నోసిస్ ఏంటో రాసుకోండి.

8. దింపాక

ముందు గ్లవ్స్, చేతులు, తర్వాత కళ్ళ షీల్డు, మళ్ళీ చేతులు. ఎన్95 చివర్లో, బండి దిగాక, వెనక పట్టీలు పట్టుకుని తీయండి. గ్లవ్స్, ట్యూబులు ఎర్ర కవర్లో, మాస్కులు, రక్తం అంటిన దూది పసుపు కవర్లో, సూదులు గట్టి డబ్బాలో. సూదికి మూత మళ్ళీ పెట్టకండి.

5 శాతం హైపోక్లోరైట్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం అవుతుంది. రక్తం, వాంతి పడ్డచోట గుడ్డ కప్పి, దాని మీద పోసి, పది నిమిషాలు ఆగి తుడవండి. ఏ రోజుకారోజు కలుపుకోండి. టాయిలెట్ క్లీనర్‌తో, యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. స్ట్రెచర్ ఇనుము తుప్పు పట్టకుండా తర్వాత మంచినీళ్ళతో తుడవండి.

సూది గుచ్చుకుంటే? పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్, బ్లీచింగ్ పోయొద్దు. సబ్బు, నీళ్ళతో కడగండి, కంట్లో పడితే నీళ్ళతోనే కడగండి. వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. హెచ్‌ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. టీకా లేనివాళ్ళకి హెపటైటిస్-బి అయితే నూటికి ముప్ఫై దాకా. భయపడేది మొదటిదానికి, టీకా వాయిదా వేసేది రెండోదానికి!

పేషెంట్‌కి మెనింజైటిస్ అనో టీబీ అనో తర్వాత తేలితే ఆసుపత్రి మీకు చెప్పగలగాలి. అందుకే అప్పగింత కాగితం మీద పేషెంట్ వివరాల కింద మీ పేరు, డ్రైవర్ పేరు, స్టేషన్ ఫోన్ నంబర్ స్పష్టంగా రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.